టికెట్ కొనని వీరాభిమాని

ఇంగ్లండ్‌లో మూడో డివిజన్ క్లబ్బో, నాలుగో డివిజన్ క్లబ్బో ఉన్న ఏ చిన్న ఊరికి వెళ్లినా ఆయన కనిపిస్తారు. అరవై దాటిన వయసు, మెడలో వెలిసిపోయిన క్లబ్బు మఫ్లర్. డిసెంబరు చలిలో, వానలో తడుస్తూ ఒక్క గోలూ పడని మ్యాచ్‌ని ఆఖరి విజిల్ దాకా చూసే ఓపిక ఆయనది. ఆ చిన్న క్లబ్బుల పోటీ ఈఎఫ్ఎల్ ట్రోఫీలో పెద్ద క్లబ్బు కుర్ర జట్టు ఆడే రాత్రి మాత్రం స్టేడియం ఛాయలకు కూడా పోరు.

ఆ కోపం 2014 నాటిది. పెద్ద క్లబ్బుల రిజర్వు జట్లకు, అంటే బి టీములకు చోటిచ్చేలా ‘లీగ్ త్రీ’ పెడదామని ఫుట్‌బాల్ అసోసియేషన్ ఛైర్మన్ గ్రెగ్ డైక్ కమిషన్ సూచించింది. చిన్న ఊళ్లన్నీ గయ్యిమనడంతో ఆ ఆలోచన అటకెక్కింది. 2016లో మాత్రం పదహారు అకాడెమీ జట్లను ట్రోఫీలో చేర్చారు. దొడ్డిదోవన దూరారంటారు ఆయన.

వెళ్లకపోతే పోయె, ఊరుకుంటారా? అలిగి పెళ్లి ఎగ్గొట్టి, పంక్తిలో ఎందరు కూర్చున్నారో కబురంపి కనుక్కునే మేనమామలా గేటు లెక్క కోసం కాచుకుని కూర్చుంటారు. జనం పల్చగా ఉన్నారంటే ఆ రాత్రి హాయిగా నిద్ర. సొంత క్లబ్బు ఖాళీ స్టాండు ఫొటో చూసి ఇంతగా మురిసిపోయే అభిమాని మరెక్కడా దొరకడు.

ఆయన ముందు “బి టీములు లీగ్‌లోనే ఆడే స్పెయిన్‌ను చూడండి” అన్నవాడి పని అయిపోయినట్టే. రియల్ మాడ్రిడ్ రిజర్వు జట్టు కాస్టియా 1980లో కోపా డెల్ రే ఫైనల్‌కు చేరి, అక్కడ సొంత పెద్ద జట్టు చేతిలోనే 6-1తో ఓడింది. 1983-84లో రెండో డివిజన్ గెలిచినా పైకి పోలేదు, మాతృసంస్థ పైనే ఉంది మరి. 2018లో నెదర్లాండ్స్‌లో యోంగ్ అయాక్స్‌దీ, 2020లో జర్మనీలో బయర్న్ రెండో జట్టుదీ ఇదే కథ. “గెలిచినా పైకి పోని జట్టుతో పోటీ ఏమిటండీ?” అన్నది ఆయన ప్రశ్న. ఆ కాస్టియా నుంచే బుట్రాగెన్యో లాంటివాడు వచ్చాడని గుర్తుచేస్తే మాత్రం చెవి వినబడదు.

ఆయనకు అన్నిటికన్నా ఇష్టమైన కథ 2016 నవంబరులో జరిగిన బ్రాడ్‌ఫర్డ్ సిటీ, బరీ ట్రోఫీ మ్యాచ్. లీగ్‌లో ఆడే అసలు జట్టులోంచి ఐదుగురైనా మొదట బరిలోకి దిగాలన్నది అప్పటి నిబంధన. పెద్ద క్లబ్బుల కుర్రాళ్లకు పీట వేసిన పోటీలోనే చిన్న క్లబ్బు తన కుర్రాళ్లను దించితే జరిమానా! ఆ లెక్క సరిపెట్టడానికి బ్రాడ్‌ఫర్డ్ మేనేజర్ స్టువర్ట్ మెకాల్ మొదటి గోల్‌కీపర్ కాలిన్ డాయిల్‌ను దింపి, మూడో నిమిషానికే వెనక్కి పిలిచారు. దెబ్బా లేదు, కుంటడమూ లేదు. ఈ ఘట్టం వచ్చేసరికి మన వీరాభిమాని లేని గ్లవ్స్ ఒక్కో వేలూ లాగి విప్పి, టేబుల్ మీద పెట్టి మరీ చూపిస్తారు.

ఆ బరీని 2019 ఆగస్టులో లీగ్ నుంచే తీసేశారు. ముంచింది డబ్బు చిక్కులు, బి టీములు కావు. ఈ మాట ఎత్తితే ఆయన గొంతు తగ్గుతుంది.

అదే ఏడాది మార్చిలో పోర్ట్స్‌మత్, సండర్లాండ్ ట్రోఫీ ఫైనల్‌కు వెంబ్లీలో 85,021 మంది! అంతకుముందు రౌండ్ల రాత్రుళ్లు వీళ్లంతా ఎక్కడున్నారట? ఆ జనంలో ఈయన బాపతు వాళ్లు ఎంతమందో! నిలదీస్తే తడుముకోరు: “కుర్ర జట్లన్నీ సెమీస్‌కు ముందే ఇంటికి పోయాయి. ఇక బహిష్కరించడానికి అక్కడ ఎవరు మిగిలారండీ?”