ఆడలేని ఆట, ఓటి మద్దెల

కొత్త గేమ్ కొని, వంద జీబీ రాత్రంతా డౌన్‌లోడ్‌కి పెట్టి, పొద్దున్నే ‘ప్లే’ నొక్కితే తెర ఒక్క క్షణం నల్లబడి మళ్లీ డెస్క్‌టాప్ ప్రత్యక్షం. సారీ అన్న మెసేజ్ కూడా ఉండదు. సపోర్టుకు రాయండి. మీ గోడు చదివే తీరిక వాళ్లకు లేకపోవచ్చు గానీ జవాబు మాత్రం ఎప్పుడో తయారై ఉంటుంది. గ్రాఫిక్స్ డ్రైవర్ అప్‌డేట్ చేయండి. గేమ్ ఫైళ్లు వెరిఫై చేయండి. అడ్మినిస్ట్రేటర్‌గా రన్ చేయండి. యాంటీవైరస్ కాసేపు ఆపండి. అన్నీ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి. అప్పటికీ కాకపోతే విండోసే కొత్తగా వేసుకోండి. ఇల్లు మారమని, జాతకం చూపించుకోమని మాత్రం ఇంకా అనడం లేదు.

ఈ చిట్టాలో ఉన్న పనులన్నీ కొన్నవాడివే. అమ్మినవాడు చేయాల్సింది ఒక్కటీ లేదు. ఆడలేక మద్దెల ఓడన్నారట. ఇక్కడ మద్దెల కూడా మనదే, దాన్ని పట్టుకుని ఊరంతా తిరిగి బాగు చేయించుకు రావాల్సిందీ మనమే.

చిట్టా పూర్తిగా దండగని నేననను. డౌన్‌లోడ్‌లో ఫైలు పాడైతే వెరిఫై పనికొస్తుంది. విజువల్ సీ ప్లస్ ప్లస్ రన్‌టైమ్ లేక ఆగిపోయిన గేమ్, అది వేసుకోగానే లేచి కూర్చుంటుంది. నా కోపం చిట్టా మీద కాదు, అడగని ప్రశ్న మీద. విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ అని ఒకటుంది. అందులో అప్లికేషన్ లాగ్ తెరిస్తే గేమ్ కూలిన నిమిషానికి ఎదురుగా ఎర్ర గుర్తుతో ఒక వరుస కనిపిస్తుంది. దాని మీద నొక్కితే ‘ఫాల్టింగ్ మాడ్యూల్’ అంటూ ఒక ఫైలు పేరు. కూలే క్షణంలో పని ఏ ఫైల్లో నడుస్తోందో చెప్పే ఆనవాలు అది. అదే తుది తీర్పు కాకపోవచ్చు. కానీ గ్రాఫిక్స్ డ్రైవర్ ఫైలుంటే డ్రైవర్ సంగతి చూడొచ్చు, గేమ్ పేరే ఉంటే మొదట గేమ్ వైపు చూడొచ్చు. ‘ఆ పేరేమిటండీ’ అని మొదటి జవాబులో అడిగిన సపోర్టు వాణ్ణి చూపించండి, దండం పెడతాను.

విండోస్ ఖాతాకు ముచ్చటపడి తెలుగులో పేరు పెట్టుకున్నవాడి గతి ఇంకోటి. ఫోల్డర్ పేరూ తెలుగులోనే వస్తుంది, ఆ దారి చదవలేక కొన్ని గేములు గుమ్మంలోనే చతికిలబడతాయి. పరిష్కారం? ఇంగ్లిష్ పేరుతో కొత్త ఖాతా తెరవండి!

అయితే మద్దెల నిజంగానే ఓటిదైన సందర్భం ఒకటుంది. అన్‌రియల్ ఇంజన్ మీద కట్టిన గేములు మొదలవుతూనే ‘వీడియో మెమరీ చాలడం లేదు’ అని కూలిపోయేవి. 24 జీబీ మెమరీ ఉన్న ఆర్‌టీఎక్స్ 4090 కార్డుల మీద కూడా! జనం పాపం డ్రైవర్లు మార్చారు, సెట్టింగులు తగ్గించారు, గ్రాఫిక్స్ కార్డును తిట్టారు. తీరా చూస్తే దోషి ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు. షేడర్లు, అంటే తెర మీద బొమ్మ గీసే చిన్న ప్రోగ్రాములు, విప్పే వేళ ప్రాసెసర్ లెక్క తప్పితే, గేమ్ ఆ తప్పును మెమరీ కొరత కింద రాసేసేది. ఇంటెల్‌ను అడగండని 2024 ఏప్రిల్‌లో ఆ గ్రాఫిక్స్ కార్డుల సంస్థ ఎన్‌విడియానే చెప్పాల్సి వచ్చింది. చిప్ అవసరానికి మించి వోల్టేజీ లాగుతోందని ఇంటెల్ జులైలో ఒప్పుకుంది, ఆగస్టులో మైక్రోకోడ్ ప్యాచ్ ఇచ్చింది, వారంటీ రెండేళ్లు పొడిగించింది. అప్పటికే దెబ్బతిన్న చిప్‌ను ఆ ప్యాచ్ బాగు చేయలేదు. ‘మీరు కొన్న ప్రాసెసరే పాడైందేమో’ అన్న వరుస ఆ పవిత్ర చిట్టాలో వెతకండి.

సరే, డబ్బు వెనక్కి అడుగుదామా? గేములమ్మే స్టీమ్ స్టోర్‌లో కొన్న 14 రోజుల్లోపు, ఆడింది 2 గంటల్లోపు అయితే ఇస్తారు. ‘ఆడటం’ అంటే గేమ్ తెరిచి ఉండటమే. 2023 మార్చిలో ‘ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 1’ పీసీకి వచ్చినప్పుడు ఎంతోమందికి షేడర్లు తయారవడానికే అరగంట దాటింది. శాతం పెరుగుతుంటే చూస్తూ కూర్చోవడమూ ఆటేనన్నమాట. మధ్యలో క్రాష్ అయితే మళ్లీ తెరవండి, మళ్లీ ఆడినట్టే.

అసలు విరుగుడు అమ్మేవాళ్లకు తెలియదనుకోకండి. 2015 జూన్ 23న వచ్చిన ‘బ్యాట్‌మన్: ఆర్కమ్ నైట్’ పీసీ వెర్షన్ ఎంత అధ్వానమంటే, వార్నర్ బ్రదర్స్ రోజుల్లోనే అమ్మకాలు ఆపేసింది. బాగు చేసి అక్టోబర్‌లో మళ్లీ పెట్టింది. మద్దెల ఊసెత్తకుండా అమ్మకం ఆపాలన్న ఆ జ్ఞానోదయం, స్టీమ్‌లో రీఫండ్ మొదలైన నెలలోనే కలగడం కాకతాళీయమే అయ్యుంటుంది లెండి.