ఓనరు గారి గోడ, అద్దెదారు కారు: మూడు శాఖలకు ఒక బహిరంగ లేఖ

ఇంధన, పురపాలక, గృహనిర్మాణ శాఖల ఉన్నతాధికారులకు,
తెలంగాణ రాష్ట్ర సచివాలయం, హైదరాబాద్.

విషయం: అద్దె ఇళ్లలో ఎలక్ట్రిక్ కారు చార్జింగ్. ఇది ఏ శాఖ కిందికి వస్తుందో తేలనందున ముగ్గురికీ ఒకే ప్రతి.

ఆర్యా,

ఎలక్ట్రిక్ కారుకు ఇంట్లో చార్జింగ్ పెట్టుకోవడానికి కావలసిన సామాను తక్కువ. రోజుకు 40 కిలోమీటర్లు తిరిగే కారు ఆరు యూనిట్ల దాకా తాగుతుంది. గీజరుకు వాడే 15 ఆంపియర్ల ప్లగ్గు గంటకు సుమారు మూడు యూనిట్లు ఇవ్వగలదు. అంటే రెండు, రెండున్నర గంటల్లో పని అయిపోతుంది. తొందర ఉన్నవారు 7.2 కిలోవాట్ల వాల్‌బాక్సు పెట్టించుకుంటారు. దానికి 32 ఆంపియర్ల విడి లైను, మందపాటి రాగి కేబులు, ఎంసీబీ, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ, సరైన ఎర్తింగ్ కావాలి. పని తెలిసిన ఎలక్ట్రీషియన్‌కు ఇదేమీ గొప్ప విషయం కాదు. గొప్ప విషయం ఏమిటంటే, ఆ ఎలక్ట్రీషియన్‌ను సెల్లార్ గోడకు మేకు కొట్టనివ్వడం.

ఆ గోడ ఎవరిది? ఫ్లాటు ఓనరుది అనిపిస్తుంది. గోడ పక్కన కారు నిలిపే చోటు ఓనరు పేరున కేటాయించినదే అయినా, సెల్లార్ మొత్తం అందరి ఉమ్మడి జాగా. మీటర్ బోర్డు ఒక మూల, పార్కింగ్ ఇంకో మూల ఉంటాయి. మధ్యలో కేబులు పోవలసిన దారి సంక్షేమ సంఘం అధీనంలో ఉంటుంది. కాబట్టి అద్దెదారు ముందు ఓనరును అడగాలి, ఆయన సంఘాన్ని అడగాలి, సంఘం మీటింగులో పెట్టాలి. ఆ మీటింగుకు అద్దెదారును సాధారణంగా పిలవరు. మెయింటెనెన్స్ మాత్రం నెలనెలా ఆయనే కడతారు.

కరెంటు చట్టాన్ని చూస్తే ఈ తిప్పలేవీ ఉండకూడదు. 2003 విద్యుత్ చట్టం 43వ సెక్షన్ ప్రకారం ఓనరు గానీ, ఆ ఇంట్లో ఉంటున్నవారు గానీ దరఖాస్తు చేస్తే పంపిణీ సంస్థ సరఫరా ఇవ్వాలి. ఓనరు నిరభ్యంతర పత్రం ఇవ్వలేదన్న కారణంతో అద్దెదారుకు కరెంటు నిరాకరించరాదని 2022 మేలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. వాహనదారులు ఇంట్లో ఉన్న కనెక్షన్ మీదే చార్జింగ్ పెట్టుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ మార్గదర్శకాలు అంటున్నాయి. విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలకు 2024 ఫిబ్రవరిలో చేసిన సవరణతో, చార్జింగ్ కోసం విడి కనెక్షన్ అడిగే వీలు కూడా వచ్చింది. అదే సవరణ కొత్త కనెక్షన్ గడువును మహానగరాల్లో మూడు రోజులకు తగ్గించింది. మూడు రోజుల్లో కరెంటు వస్తుంది సరే, దాన్ని కారు దాకా తీసుకుపోయే పైపుకు గడువేమీ లేదు.

ఇక్కడే చిక్కు. కరెంటు ఇవ్వడం గురించి చట్టం ఉంది. గోడ ఇవ్వడం గురించి లేదు. తెలంగాణలో అద్దె వ్యవహారాలకు ఆధారం 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం. ఊళ్లో కారే అరుదైన రోజుల్లో రాసిన చట్టాన్ని చార్జర్ సంగతి ఎందుకు ఊహించలేదని నిలదీయడం అన్యాయం. కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం కొత్తదే గానీ, కట్టడంలో మార్పులకు ఓనరు రాతపూర్వక సమ్మతి ఉండాలన్న దగ్గరే ఆగింది. పార్కింగులో 20 శాతం జాగా చార్జింగుకు అనువుగా ఉంచాలని 2019లో నమూనా భవన నిబంధనల్లో చేర్చారు. అది కొత్త కట్టడాలకు ఉపయోగం. కూకట్‌పల్లిలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో పాతికేళ్ల కిందట లేచిన ఐదంతస్తుల అపార్ట్‌మెంటుకు దానివల్ల ఒరిగేది లేదు.

ఓనర్ల భయాలను కొట్టిపారేయడం సరికాదు. 2022 సెప్టెంబర్‌లో సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో లేచిన మంటల పొగ పై అంతస్తుల్లోని హోటల్‌ను కమ్మేసి ఎనిమిది మంది ప్రాణాలు తీసింది. ఆ తర్వాత బ్యాటరీల భద్రతా ప్రమాణాలను కేంద్రం కఠినం చేసింది. అయినా సెల్లార్ అనగానే ఓనరుకు ఆ దృశ్యమే గుర్తొస్తుంది. అయితే అనుమతి లేదంటే చార్జింగ్ ఆగదు. రెండో అంతస్తు బాల్కనీ నుంచి ఎక్స్‌టెన్షన్ వైరు కిందికి దిగుతుంది. ఎర్తింగ్ సరిగా లేని, వేడెక్కే ఆ వైరు కంటే ఎంసీబీ, ఆర్‌సీసీబీ ఉన్న విడి లైను ఎన్నో రెట్లు క్షేమం. భద్రత పేరుతో వద్దనే సంఘాలు తెలియకుండానే ప్రమాదాన్ని పెంచుతున్నాయి.

డబ్బు గొడవ కూడా ఉంది. లీజు ఏడాది దాటితే 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టర్ చేయించాలి. అందుకే నగరమంతా పదకొండు నెలల అగ్రిమెంట్ల మీద బతుకుతోంది. పదకొండు నెలల భరోసాతో గోడలో కేబులు వేయించుకునే ధైర్యం ఎవరికి ఉంటుంది? వాల్‌బాక్సును విప్పి పట్టుకుపోవచ్చు, కేబులు మాత్రం ఓనరుకు కానుకగా మిగిలిపోతుంది.

ఇతర దేశాలు ఈ ముడిని అద్దె చట్టంలోనే విప్పాయి. కాలిఫోర్నియాలో 2015 జులై నుంచి కుదిరిన లీజుల్లో, అద్దెదారు తన ఖర్చుతో చార్జర్ పెట్టుకుంటానని రాసి ఇస్తే ఓనరు ఒప్పుకోవాలి. చిన్న పార్కింగులకు మినహాయింపులున్నాయి. జర్మనీ 2020 డిసెంబర్ నుంచి అమల్లోకి తెచ్చిన సవరణలో అద్దెదారుకు ఈ అనుమతి కోరే హక్కు ఇచ్చింది. కాదనాలంటే ఓనరు దగ్గర సరైన కారణం ఉండాలి.

తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబర్‌లో ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ చేసింది. గడువు 2026 డిసెంబర్ 31. కారు కొనడానికి ఇచ్చిన ఊతం ఇల్లు కొనడానికి పనికిరాదు గనక, అద్దె చట్టంలో ఒక సెక్షన్ చేర్చవలసి ఉంది. అద్దెదారు రాతపూర్వకంగా అడిగితే ఓనరు, సంఘం నెలలోపు జవాబివ్వాలి. వద్దంటే కారణం రాసివ్వాలి. ఖర్చు, బిల్లు, ఖాళీ చేసేటప్పుడు గోడ బాగుచేయడం అద్దెదారు భరించాలి. ఓనరుకు ఇచ్చిన అనుమతిని అదే భవనంలోని అద్దెదారుకు సంఘం నిరాకరించకూడదు. ఈ ముసాయిదా ఎవరు రాయాలో మూడు శాఖలూ ఒక పూట కలిసి కూర్చుని తేల్చుకోవలసిందిగా మనవి.

ఇట్లు,
ఒక అద్దెదారు