బెంజ్ సర్కిల్ భాష్యం

మూలం: "బానే ఉంది గానీ బావా, సెకండాఫ్‌లో లాగాడు."

అవతారిక: 2019 జనవరి 9న విడుదలైన క్రిష్ చిత్రం 'ఎన్.టి.ఆర్. కథానాయకుడు' చూసి వస్తూ, విజయవాడ బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర బండి మీద వెనక కూర్చున్నవాడు ముందువాడితో పలికిన వాక్యమిది. బందరు రోడ్డూ హైవే ఢీకొనే ఆ చోట రెడ్డు పడితే మహాభాష్యమే చెప్పుకోవచ్చు. ఒక్క వాక్యంతో ఆగడం వక్త నిగ్రహం.

ప్రతిపదార్థం: బానే ఉంది = డబ్బులు దండగ కాలేదు; గానీ = అసలు మాట ఇక్కడ మొదలు; బావా = నువ్వు అన్నగారు ఎన్.టి.ఆర్.కు వీరాభిమానివని తెలుసు, నొచ్చుకోకు; సెకండాఫ్‌లో = సమోసా అరిగిన పిమ్మట; లాగాడు = దర్శకుడు కథను, కథ మనల్ని.

విశేషం: 'బానే' అన్నది ముఖ్యంగా 'మాయాబజార్' ఘట్టానికి వర్తిస్తుంది. ఎన్.టి.ఆర్. కృష్ణుడేమిటని చుట్టూ ఉన్నవాళ్లు సందేహిస్తుంటారు. కిరీటం, పింఛం, ఆ నడక కనబడగానే విజిల్స్. ఎదుటివాడి అనుమానమే ఆ సీనుకు ప్రాణం. పోనుపోను అనుమానించేవాడే కరవు. ఎవరిని చూసినా చేతులు జోడించేవాడే. అక్కడ లాగుడు ఆరంభం. దివిసీమ ఉప్పెన (1977) ఘట్టం దీనికి అపవాదం. ఈ ఊళ్లో ఏ వరసన వెతికినా దివి తాలూకా చుట్టం ఒకరు తేలతారు కాబట్టి అక్కడ సెల్‌ఫోన్లు కూడా జేబుల్లోకి వెళ్లాయి.

శంక: తొలి సినిమా 'మనదేశం' (1949) నాటికి అసలు ఎన్.టి.ఆర్.కు 26 ఏళ్లు, తెరమీద ఆయనగా వేసిన కొడుకు బాలకృష్ణకు 58. దోషం కాదా?

సమాధానం: కాదు. ఒకదాని స్థానంలో ఇంకొకటి వస్తే వ్యాకరణం ఆదేశమంటుంది, ఇండస్ట్రీ వారసత్వమంటుంది. అక్కినేనిగా మనవడు సుమంత్, హరికృష్ణగా కొడుకు కల్యాణ్‌రామ్ వేశారు. దాంతో కల్యాణ్‌రామ్ సొంత బాబాయిని పట్టుకుని నాన్నగారూ అనవలసి వచ్చింది. ఈ వరసలు మేకప్‌మ్యాన్‌కైనా అర్థమయ్యాయో లేదో.

తాత్పర్యం: రెండో భాగం 'మహానాయకుడు' అదే ఏడాది ఫిబ్రవరి 22న వచ్చింది. దాని గురించి వక్త భావమిది: బావా, టికెట్లు నువ్వు తీస్తే వస్తాను.