మూడు తుమ్మచెట్లు

నలభై రోజులపాటు మా ఇంట్లో టీవీ పక్కన ఒక పాత కంప్యూటరు గుండు కొట్టించుకున్నట్టు కూర్చుంది. మీట నొక్కితే ఫ్యాను తిరుగుతుంది, తెర మీద తెల్ల గీత మిణుకుమంటుంది. లోపల ఆపరేటింగ్ సిస్టమ్ లేదు. ఏది వెయ్యాలో తేలక.

నా ఆశ చిన్నదే. అట్టపెట్టెలో చెదలకి ఎదురుచూస్తున్న పాత ఫొటోలు, నాన్న పాల లెక్కల పుస్తకాలు స్కాన్ చేసి, చుట్టాలంతా ఎక్కడినుంచైనా చూసుకునేలా ఒక సర్వరు పెట్టాలని. సర్వరంటే ఇడ్లీ తెచ్చేవాడనుకునే మా బాబాయి ఒక్కడే ఇందులో సలహా ఇవ్వలేదు.

మిగతా అందరూ ఇచ్చారు. వడ్లమూడిలో ఉంటూ సలహా తప్పించుకోవడం కుదరదు. విజ్ఞాన్ యూనివర్సిటీ దగ్గర టీ తాగుతూ నోరు జారితే, గ్లాసు చల్లారేలోపు మూడు సిస్టమ్‌లు మారాను. మేనల్లుడు "ఉబుంటు వేసెయ్ మామయ్యా, దేనికి చిక్కొచ్చినా గూగుల్లో జవాబుంటుంది" అన్నాడు. చిక్కు వస్తుందని ముందే ఒప్పుకున్నాడన్నమాట. వాడి స్నేహితుడు సెంటోస్ పేరెత్తగానే ఇంకొకడు లేచాడు: 8వ వెర్షన్ 2029 దాకా ఉంటుందని చెప్పి, 2021 ఆఖరుకే కొట్టు కట్టేశారట. హైదరాబాదు నుంచి అన్నయ్య కొడుకు ఫోను: "ఫ్రీబీఎస్‌డీ బాబాయ్! జెడ్‌ఎఫ్‌ఎస్ ఉంటుంది. డిస్కులో ఫైలు పాడైతే పట్టేస్తుంది." దాని బొమ్మ శూలం పట్టుకున్న ఎర్ర పిల్ల దెయ్యం. దేవుడి గూటికి రెండడుగుల దూరంలో అది కుదరదని మా ఆవిడ తేల్చేసింది. పోనీ ఓపెన్‌బీఎస్‌డీ అంటే దాని బొమ్మ ముళ్ల చేప. మామూలుగా వేసుకుంటే, ఇన్నేళ్లలో బయటివాడు దూరగలిగే కన్నాలు రెండే దొరికాయని వాళ్ల గొప్ప. మా ఇంటి దొడ్డి తలుపుకి గొళ్లెమే లేదు.

అసలు ఇన్ని ఎందుకున్నాయో తెలుసుకుందామని వెళ్లి, గట్టు తగాదాలో పడ్డాను. డెల్టాలో పుట్టినవాడికి ఇది చెబితే చాలు, అర్థమైపోతుంది. 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ యూనిక్స్ అనే పొలం సాగులోకి తెచ్చారు. బర్క్‌లీ విశ్వవిద్యాలయం వాళ్లు దాన్ని దున్ని, ఎరువేసి, దాదాపు కొత్త పొలం చేసి, బీఎస్‌డీ పేరుతో కోరినవాడికల్లా పంచసాగారు. 1992లో యూనిక్స్ సొంతదారులు కోర్టుకెక్కారు: గట్టు మాది, గట్టు మీద కంది మాది, కందిని మేసిన గేదె పాలూ మావే. రెండేళ్లు నడిచింది. ఇలాంటి దావాల్లో ప్లీడర్ల ఇళ్లకి మేడ లేస్తుంది, పొలంలో తుంగ లేస్తుంది. మా తాతల నాటి ఒక తగాదాలో అయితే వాదిప్రతివాదులిద్దరూ ఒకే బస్సులో వాయిదాకి వెళ్లి, ఒకే హోటల్లో భోంచేసి, తిరుగు బస్సులో మాత్రం మాట్లాడుకునేవాళ్లు కారు. చివరికి సర్వేయరు గొలుసు వేస్తే తేలింది మూడు తుమ్మచెట్లు. బర్క్‌లీ వాళ్ల దావా 1994లో రాజీ అయింది. పద్దెనిమిది వేల ఫైళ్లలో తీసెయ్యాల్సినవి ఎన్ని? మూడు! మరో డెబ్బైకి పేరు చీటీ అంటిస్తే సరిపోయింది. దావాకి ముందే, 1991లోనే, హెల్సింకీలో లైనస్ టోర్వాల్డ్స్ అనే కుర్రాడు పక్క బీడులో విత్తనాలు చల్లేశాడు. ఆ లినక్స్ ఇవాళ చాలా సర్వర్లలో పండుతోంది. బీఎస్‌డీ ముందే చేతికొచ్చి ఉంటే ఇది మొదలెట్టేవాణ్నే కాదేమోనని 1993లో లైనసే చెప్పాడు. మూడు తుమ్మచెట్లండీ!

ఇదంతా చదివి నవ్వుకున్నానే గాని నా కంప్యూటరు బోడిగానే ఉండిపోయింది. ప్రతివాడూ తన సిస్టమ్ గురించి చెప్పాడు. నీ ఫొటోలు ఎన్ని, ఎవరు చూస్తారు అని ఒక్కడూ అడగలేదు. నిజానికి నన్ను నేనూ అడుక్కోలేదు.

పెట్టెలో 1968 నాటి పెళ్లి ఫొటో ఒకటుంది. పద్నాలుగు మంది. నాకు తెలిసింది ఐదుగురు. మిగతావాళ్లు చేబ్రోలు పెద్దమ్మకి తెలుసు. "కంప్యూటరు సిద్ధం కాగానే తెస్తా పెద్దమ్మా, వరసగా పేర్లు చెబుదువుగాని" అన్నాను. ముప్పై ఒకటో రోజున, నేను జెడ్‌ఎఫ్‌ఎస్ గురించి చదువుతుండగా ఫోనొచ్చింది. ఫొటో వెనక పేర్లు రాసుకోవడానికి పెన్సిలు ముక్క చాలు. అది నా జేబులోనే ఉంది.

పెద్దకర్మ అయి వచ్చిన రాత్రి డెబియన్ లినక్స్ వేశాను. మంచిదని కాదు, పెన్‌డ్రైవులో అదే ఉంది. అరగంట పట్టింది. మొదటి ఫొటో ఎక్కించాను. పేర్ల గడుల్లో ఐదు నిండాయి, తొమ్మిది ఖాళీ. వెనక వరసలో ఎడమ చివర, పందిట్లో కూడా గొడుగు మడవకుండా నిలబడ్డాయన ఎవరో మీ ఇళ్లల్లో పెద్దవాళ్లకి తెలిస్తే, దయచేసి ఇవాళే అడిగి చెప్పండి.