చెవి బండి మీదుండే రోజులు

సైలెన్సర్ మార్పించుకోవడానికి వచ్చిన కుర్రాడు ఇప్పుడు మొట్టమొదట అడిగేది "సౌండ్ ఎలా ఉంటుందన్నా?" అని. లోపల ఏముంది, బెండ్ పైపుకి సరిగ్గా కూర్చుంటుందా, ఇంజిన్‌కి పడుతుందా అన్న మాట ఆఖరికైనా రాదు. మా రోజుల్లో సైలెన్సర్ తుప్పుపట్టి చిల్లుపడితేనో, దేనికో తగిలి చొట్టపోతేనో మార్చేవాళ్ళం. కొత్తది బిగించాక బండి మునుపటిలాగే పలికితే డబ్బులిచ్చేవాళ్ళం. పలక్కపోతే అక్కడే నిలబడి మళ్ళీ విప్పించేవాళ్ళం.

మాది పాత పోత ఇనుము ఇంజిన్ బుల్లెట్. మద్రాసు తిరువొత్తియూర్‌లో తయారైన బండి, 346 సీసీ. బోరు 70 మిల్లీమీటర్లు, స్ట్రోకు 90. పిస్టన్ ప్రయాణించే దూరం ఎక్కువ, ఫ్లైవీల్ బరువెక్కువ. ఆ నింపాదైన దెబ్బ అక్కడినుంచి పుట్టేది. ఆ చప్పుడు ఇంజిన్‌ది. సైలెన్సర్ దాన్ని మర్యాదగా మన చెవిదాకా తెచ్చేది, అంతే. కిక్కు కొట్టడానికే ఒక పద్ధతుండేది. అంపియర్ మీటర్ ముల్లు మధ్యకొచ్చేదాకా కిక్ రాడ్‌ని మెల్లగా నొక్కి, డీకంప్రెషన్ లివర్ పట్టుకుని పిస్టన్‌ని కాస్త దాటించి, అప్పుడు ఒక్క తొక్కుడు. స్టార్టయ్యాక కాసేపు ఊరికే నిలబడి వినేవాళ్ళం. ట్యాపెట్లు వదులైతే ఒక చప్పుడు, పాయింట్ల గ్యాప్ తప్పితే ఒక చప్పుడు, బెండ్ పైపు మొదట్లో ప్యాకింగ్ పోతే ఇంకో చప్పుడు. మా మెకానిక్‌ని ఊళ్ళో అందరూ బాబాయ్ అనేవాళ్ళం. మనిషి కనపడకముందే బండిని గుర్తుపట్టి "ట్యాపెట్ చూపించుకో అబ్బాయ్" అని షెడ్డులోంచే కేకేసేవాడు. ఆయనకి మీటర్లు లేవు, కంప్యూటర్ లేదు. కంపెనీ సైలెన్సర్ ఉన్న బండి అయితే చాలు, తప్పెక్కడుందో చెప్పేవాడు. లోపలి బ్యాఫిల్ పీకేసిన బండి తెస్తే "ముందు అది పెట్టించుకుని రా, తర్వాత చూస్తా" అనేవాడు. ఆ గోలలో ఇంజిన్ మాట వినపడదని ఆయన బాధ.

టూ స్ట్రోక్ బండ్లకైతే సైలెన్సర్ ఇంజిన్‌లో సగం. మైసూరులో తయారైన జావా, యెజ్డీ 250లు ఒక్క సిలిండర్‌కి రెండు సైలెన్సర్లు పెట్టుకుని తిరిగేవి. 1985లో ఆర్ఎక్స్ 100 వచ్చింది. ఈ బండ్లలో ఆయిలు కలిసిన పెట్రోలు కాలి, బ్యాఫిల్ నిండా కార్బన్ పట్టేసి, బండి ఎత్తు ఎక్కలేకపోయేది. అప్పుడు వెనక బోల్టు విప్పి బ్యాఫిల్ బయటికి లాగి, కాస్టిక్ సోడాలో నానబెట్టో మంటలో కాల్చో శుభ్రం చేసి మళ్ళీ దాని స్థానంలో పెట్టేవాళ్ళం. పెట్టడం ముఖ్యం. టూ స్ట్రోక్‌లో కాలిన పొగ పోయే దారీ, కొత్త మిశ్రమం వచ్చే దారీ కాసేపు కలిసే తెరుచుకుని ఉంటాయి. కాలని పెట్రోలు కొంత పొగతో పాటు జారిపోతుంది. లావుగా విచ్చుకుని మళ్ళీ సన్నబడే పైపులో ఒత్తిడి అల వెనక్కి తిరిగొచ్చి, ఆ జారినదాన్ని సిలిండర్‌లోకి నెడుతుంది. ఆర్ఎక్స్ 98 సీసీ ఇంజిన్ పదకొండు హార్స్ పవర్ ఇచ్చిందంటే ఆ పైపు వాటా అందులో ఉంది.

ఈ లెక్కని 1950లలో తూర్పు జర్మనీ ఎంజెడ్ కంపెనీలో వాల్టర్ కాడెన్ అనే ఇంజినీరు ఒక కొలిక్కి తెచ్చాడు. ఆ కంపెనీ రేసర్ ఎర్న్‌స్ట్ డెగ్నర్ 1961లో స్వీడన్ రేసుకని వెళ్ళి, అక్కణ్ణించి పారిపోయి, ఆ రహస్యాలతో సుజుకీలో చేరాడు. మరుసటి ఏడు సుజుకీ 50 సీసీ ప్రపంచ చాంపియన్‌షిప్ గెలిచింది. పైపు వంపులో అంత విద్య ఉందని తెలిసినవాడెవడూ బ్యాఫిల్‌ని పాత సామాన్లకి వెయ్యడు. మా కాలంలోనూ పీకేసినవాళ్ళు ఉన్నారు. కింది వేగంలో లాగుడు పోయి, మైలేజీ పోయి, నెల తిరక్కుండా షెడ్డుకే వచ్చేవాళ్ళు.

ఇక ఇప్పటి సంగతి. మా మనవడు ఫోన్లో రెండు సైలెన్సర్ల చప్పుడు నా చెవి దగ్గర పెట్టి "తాతయ్యా, ఈ రెండిట్లో ఏది బాగుంది?" అన్నాడు. ఫోన్ మైకు పెద్ద చప్పుళ్ళని అణిచేస్తుంది, అడుగు స్వరాన్ని తినేస్తుంది. దాన్ని విని ఏడెనిమిది వేలు పోసి సామాను కొంటారా? "ఇందులో గ్లాస్ వూల్ ఉందా, గదులున్నాయా?" అని అడిగితే వాడి దగ్గర జవాబు లేదు. కంపెనీ సైలెన్సర్లో సాధారణంగా గదులుంటాయి, పొగ అటూ ఇటూ తిరిగి శాంతించి బయటికొస్తుంది. బయట అమ్మేవాటిలో ఎక్కువ భాగం చిల్లుల గొట్టం, దాని చుట్టూ గ్లాస్ వూల్. ఆ వూల్ కొన్నాళ్ళకి కాలిపోతుంది, మళ్ళీ నింపించాలి. నాసిరకం వాటిలో అది మొదటినుంచీ పిడికెడే ఉంటుంది.

పేర్ల మోసం ఇంకోటి. అక్రపోవిచ్ అనేది స్లొవేనియాలో ఇగోర్ అక్రపోవిచ్ అనే మాజీ రేసర్ పెట్టిన కంపెనీ. యోషిమురా జపాన్‌లో హిడియో యోషిమురా నిలబెట్టిన పేరు. రేసుల్లో గెలవడం కోసం ఏళ్ళ తరబడి పైపులు వంచి, కొలిచి, మళ్ళీ వంచినవాళ్ళు. ఆ పేర్ల స్టిక్కర్లు అతికించిన రేకు డబ్బాలు మన బజార్లలో పదో వంతు ధరకి దొరుకుతున్నాయి. కొనేవాడికీ అది నకిలీ అని తెలుసు. అయినా కొంటున్నాడు. నాకు అదే మింగుడు పడదు.

ఇప్పటి బండి మా బండి కాదన్న సంగతి కూడా పట్టించుకోవడం లేదు. మాకు కార్బురేటర్. సైలెన్సర్ కాస్త వదులుదైతే జెట్ ఒక నంబరు పెంచి సర్దుకునేవాళ్ళం. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చాక పెట్రోలు లెక్క ఈసీయూ అనే కంప్యూటర్ది. బెండ్ పైపులో ఆక్సిజన్ సెన్సర్ కూర్చుని పొగని చదివి దానికి చెబుతుంది. బజారు పైపు అతుకు దగ్గర సన్నటి సందుంటే బయటి గాలి లోపలికి చొరబడి సెన్సర్‌ తప్పు చదువుతుంది, ఈసీయూ అక్కర్లేని పెట్రోలు పోస్తుంది. కొన్ని పైపులకి సెన్సర్ బిగించే రంధ్రమే ఉండదు. విషపు పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ కొన్ని బండ్లలో బెండ్ పైపులో, కొన్నిటిలో సైలెన్సర్‌లోనే ఉంటుంది. అది ఎక్కడుందో తెలుసుకోకుండా మొత్తం పీకేస్తే ఆ పొగ పీల్చేది వెనక స్కూటర్ మీద కూర్చున్న పిల్లలు.

దీనికి తోడు కిల్ స్విచ్ ఆట. నడిచే బండి స్విచ్ ఆపి వెంటనే వేస్తే, కాలని పెట్రోలు వేడి పైపులోకి పోయి తుపాకీలా పేలుతుంది. మాకు బండి అలా పేలితే గుండె ఆగినంత పనయ్యేది, తోసుకుంటూ షెడ్డుకి తీసుకెళ్ళేవాళ్ళం. ఇప్పుడు ఆస్పత్రి ముందు, పరీక్షలకి చదువుకునే పిల్లలున్న సందుల్లో, అర్ధరాత్రి దాన్ని కావాలని పేలుస్తున్నారు. వీధిలో పసిబిడ్డ ఉలిక్కిపడి లేస్తుంది. గుండె ఆపరేషన్ అయిన మనిషి మంచం మీద లేచి కూర్చుంటాడు. నేనూ బండివాణ్ణే, బండి చప్పుడంటే నాకూ ఇష్టమే. అందుకే చెబుతున్నాను, బండి మీద ఊళ్ళో ఉన్న గౌరవం పోవడానికి ఇదొక్కటి చాలు.

చట్టం కూడా నిద్రపోవడం లేదు. 2005 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న పరిమితుల ప్రకారం, తయారీ దశలో 80 నుంచి 175 సీసీ బండి 77 డెసిబెల్స్, అంతకు మించిన బండి 80 డెసిబెల్స్ దాటకూడదు. మూడు డెసిబెల్స్ పెరిగితే శబ్దశక్తి రెట్టింపు, కాబట్టి "కాస్తే కదా" అనే మాట ఇక్కడ చెల్లదు. 2019 సవరణ తర్వాత, శబ్ద నియమాలు తప్పి మొదటిసారి పట్టుబడినా మూడు నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. లైసెన్సు మూడు నెలలు చెల్లకుండా పోతుంది. పట్టుకున్న సైలెన్సర్లని పోలీసులు రోడ్ రోలర్ కింద వేసి తొక్కిస్తున్నారు.

ఇప్పటి సామాను అంతా పనికిరానిదని నేననను. మా క్రోమ్ సైలెన్సర్లు నాలుగు వానాకాలాలకి అడుగున చిల్లులు పడేవి. 304 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలుది ఏళ్ళ తరబడి నిలుస్తుంది. టైటానియందైతే కంపెనీదాని కంటే కిలోల లెక్కన బరువు తగ్గుతుంది. నిజమైన లాభం అక్కడే ఉంది. పైపు వెనక ముక్క ఒక్కటి మారిస్తే చిన్న ఇంజిన్‌కి పెరిగే బలం ఒకటి రెండు హార్స్ పవర్ కూడా ఉండదు. అంతకు మించి చెప్పే దుకాణదారుడి మాట నమ్మవద్దు.

కాబట్టి నాన్నా, మార్చక తప్పదనుకుంటే క్యాటలిటిక్ కన్వర్టర్, సెన్సర్ ఉన్న బెండ్ పైపు జోలికి పోకుండా వెనక ముక్క మాత్రమే మార్చు. క్యాట్ సైలెన్సర్‌లోనే ఉంటే అసలు ముట్టుకోకు. మీ మోడల్‌కే చేసినదేనా అని అడుగు, గ్లాస్ వూల్ నింపించే వీలుందా అని అడుగు, చప్పుడు తగ్గించే డీబీ కిల్లర్ తీసేసి అమ్మే దుకాణం మెట్లు దిగెయ్. బిగించాక ఇంటి ముందు కాదు, ఊరి బయట స్టార్ట్ చేసి విను. ఇంజిన్ మాట వినపడకపోతే అది నీ బండికి తగిన సైలెన్సర్ కాదు. విప్పించి కంపెనీదే మళ్ళీ వేయించు. దాన్ని పాత సామాన్ల వాడికి అమ్మకుండా ఉంచితేనే ఆ పని చేయగలవు.