హ్యూస్టన్ వెళ్లే రోబో జట్టుకు హితవు

ఏటా ఏప్రిల్‌లో హ్యూస్టన్‌లోని జార్జ్ ఆర్. బ్రౌన్ కన్వెన్షన్ సెంటర్‌కి రోబోలతో బయల్దేరే పిల్లలకు సలహాదారులు దండిగా దొరుకుతారు. అందరూ గెలవడం గురించే చెబుతారు. ఎనిమిది డివిజన్లలో వందల జట్లు దిగే ఫస్ట్ ఛాంపియన్‌షిప్‌లో గెలుపు ఎలాగూ గుప్పెడు మందికే. మిగిలినవాళ్లకు కావలసింది ఓడిపోయే విద్య. అది కూడా ఒక పద్ధతిలో, తప్పు ఎవరిదో తేలకుండా ఓడాలి. ఆట ఏటా మారుతుంది కాబట్టి ఉదాహరణకు 2025 నాటి రీఫ్‌స్కేప్‌ను తీసుకుందాం.

ఓటమికి ముహూర్తం జనవరిలోనే. ఒక శనివారం ఆట నియమాలు బయటికొస్తాయి. పీవీసీ గొట్టాలను నాలుగంతస్తుల రీఫ్ మీదికి చేర్చాలి, పెద్ద పెద్ద బంతులను పీకి అవతల వేయాలి, చివర్లో గొలుసుకు వేలాడే బోనును పట్టుకుని నేల విడిచి పైకి లేవాలి. ఇందులో ఒకటో రెండో ఎంచుకుని వాటినే తప్పు పోకుండా చేద్దామని ఎవరైనా అంటే నోరు మూయించండి. మనవాడు అన్నీ చేయాలి. బంపర్లు, బ్యాటరీ కాకుండా రోబో 115 పౌండ్లు దాటకూడదన్న నియమం ఇన్‌స్పెక్షన్‌లో తూకం వేసినప్పుడు గుర్తొస్తే చాలు. అప్పుడు డ్రిల్లు తీసి, కనబడిన అల్యూమినియానికల్లా జల్లిగరిటెలా చిల్లులు పొడవండి.

బ్యాటరీ గురించి ఎక్కువ ఆలోచించకండి. పన్నెండు వోల్టులు, ఆరు కిలోల బరువు, అంతే కదా. ఛార్జి చేసినదాన్నీ వాడేసినదాన్నీ ఒకే బండి మీద పెట్టండి. ఏది ఏదో టేపు మీద రాసి అంటించే చాదస్తం వద్దు. కేబుల్ బిగించిన బోల్టును రెండు వేళ్లతో తడిమి "బానే ఉంది" అనండి. రెంచి వెతకాలంటే రోబోను బాగుచేసుకునే పిట్ అంతా గాలించాలి. పదడుగులకు మించని ఆ పిట్‌లో రెంచి ఎప్పుడూ ఎవరో ఒకరి కాలికింద ఉంటుంది. మైదానంలో నాలుగు చక్రాలూ ఒక్కసారిగా కరెంటు లాగేటప్పుడు ఆ వదులు బోల్టు తన పని తాను చేస్తుంది. వోల్టేజీ పడిపోతుంది, రోబోను నడిపే కంప్యూటర్ రోబోరియో మోటార్లు ఆపేస్తుంది, మీ రోబో నడిమధ్యలో నిలబడిపోతుంది. ఇప్పుడు జట్టంతా కలిసి ప్రోగ్రామర్ వైపు చూడాలి.

ప్రోగ్రామర్‌కూ ఒక మాట. రీఫ్‌స్కేప్ మ్యాచ్‌లో మొదటి 15 సెకన్లు రోబో తనంతట తానే నడుస్తుంది. కిందటి మ్యాచ్‌లో చక్కగా నడిచిన ఆ కోడ్‌ను ఈ మ్యాచ్‌కి క్యూలో నిలబడి మార్చండి. ఎరుపు వైపు కోసం రాసింది నీలం వైపు నుంచి ఎటు పోతుందో జనం ముందే తెలుసుకుంటే ఆ మజా వేరు. వైపును బట్టి ఎరుపో నీలమో ఉండాల్సిన బంపర్లను మాత్రం ముందే మార్చకండి. పరుగెత్తుకెళ్లి మార్చుకొచ్చే పిల్లవాడికి వ్యాయామం.

కేటీ నుంచీ ఫ్రిస్కో నుంచీ వచ్చే మన తెలుగు తల్లిదండ్రులను ఈ శాస్త్రం మరిచిపోలేదు. ముందుగా నిమ్మకాయలు. కొత్త కారుతో తొక్కించినట్టే రోబోతోనూ తొక్కించవచ్చు. స్వర్వ్ డ్రైవ్ గేర్లలో రసం ఎండితే వచ్చే చప్పుడు ఇన్‌స్పెక్టర్లకు కొత్తగా ఉంటుంది. ఇక నాన్నగారు. ఆఫీసులో రిలీజుకు వారం ముందు కోడ్ ముట్టుకుంటే ఒప్పుకోని మనిషి ఆయన. ఇక్కడికొచ్చి "ఒక్క లైనే కదరా, మార్చెయ్" అంటారు. జాయ్‌స్టిక్ పట్టుకోవలసింది విద్యార్థులేనని నియమం ఉంది గానీ, నాన్నల నోటికి నియమం లేదు. జడ్జీలు పిట్‌కి వచ్చి అమ్మాయిని "ఈ చెయ్యి ఎలా పనిచేస్తుంది?" అని అడగ్గానే ఆయనే అందుకోవాలి. "నాన్నా, మీరు కాసేపు అలా కూర్చోండి" అని ఆ పిల్ల అంటే మాత్రం ఈ సలహా బెడిసినట్టే.

అసలు పట్టు అలయన్స్ ఎంపిక దగ్గర చూపించాలి. ఒక్కో మ్యాచ్‌లో అలయన్స్‌కు మూడేసి చొప్పున ఆరు రోబోలు. తెలివిలేని జట్లు ఆరుగురు పిల్లల్ని స్టాండ్స్‌లో కూర్చోబెట్టి, ఎవరు ఎన్ని గొట్టాలు వేశారో, ఎవరు కదలకుండా చచ్చుబడ్డారో మ్యాచ్ మ్యాచ్‌కీ రాయిస్తాయి. మీరు మీ రోబోనొక్కదాన్నే చూసి అరవండి. క్వాలిఫికేషన్ అయ్యాక పై ఎనిమిది జట్ల కెప్టెన్లు జోడీలను పిలుస్తారు: మొదటి విడత ఒకటి నుంచి ఎనిమిది దాకా, రెండో విడత ఎనిమిది నుంచి వెనక్కి. ఇరవయ్యో స్థానంలో ఉన్న మీ భవిష్యత్తు ఎవరో పదిహేనేళ్ల పిల్లవాడి కాగితంలో ఉంటుంది. వాడు పిట్‌కి వచ్చి నాలుగో అంతస్తుకు ఎన్ని వేయగలరని అడిగితే "కావలసినన్ని" అనండి. మీరు ఏ మ్యాచ్‌లో ఎన్ని వేశారో వాడి దగ్గర రాసి ఉంటుంది, అయినా అనండి. ఒకవేళ పిలుపే వస్తే, ఇంతకన్నా మంచి జట్టు పిలుస్తుందని "వద్దు" అనేయండి. ఒకసారి కాదన్న జట్టును మరెవరూ పిలవకూడదని నియమం. ఓటమికి ఇంతకన్నా దగ్గరి దారి ఈ శాస్త్రంలో లేదు.

1989లో ఫస్ట్ సంస్థను పెట్టిన డీన్ కామెన్‌తో కలిసి పోటీకి రూపమిచ్చినవాడు ఎంఐటీ ప్రొఫెసర్ వుడీ ఫ్లవర్స్. గట్టిగా పోటీ పడుతూనే ఎదుటివాళ్లతో మర్యాదగా ఉండాలన్నది ఆయన నేర్పిన పాఠం. దాని ఫలితంగా పిట్లలో ఫలానా జట్టుకు ఫలానా మోటారు కావాలని మైకులో చెప్పగానే నలుగురు పట్టుకుని పరుగెత్తుతారు, మోటారు పోయింది ప్రత్యర్థిదే అయినా. మీరు కదలకండి. పొద్దున ఎదురాడిన జట్టే మధ్యాహ్నం మీ పక్కన ఆడాల్సి రావచ్చు. అప్పుడు దానికి మోటారు లేకపోవడం కూడా మన పథకంలో భాగమే.

ప్లేఆఫ్స్‌లో రెండు ఓటములకు ఇంటిదారి. రెండోది పూర్తవగానే రిఫరీని అడగడానికి మైదానం పక్కన ఒక గడి గీసి ఉంటుంది. అందులో డ్రైవ్ టీమ్ నుంచి ఒక్క విద్యార్థే నిలబడాలి. నాన్నగారిని పంపండి, ఫోన్‌లో తీసిన వీడియోతో సహా. వీడియోలు చూడరన్న సంగతి ఆయనకు రిఫరీయే వివరంగా చెబుతాడు.