రూముంది, కారణమేదీ?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం చూద్దామని ఒంటరిగా బయల్దేరే ఆడమనిషికి తెలిసినవాళ్ళంతా చెప్పే మాట ఒక్కటే: "మంచి ఏరియాలో దిగమ్మా." మంచి ఏరియా అంటే ఏదంటే, ఫ్యామిలీలు ఉండే ఏరియా అంటారు. ఫ్యామిలీలు ఉండే ఏరియాలో లాడ్జీలుండవు. లాడ్జీలున్న ఏరియాను మంచిదని ఎవరూ అనరు. అంటే, ఉండదగ్గ చోట రూము లేదు, రూమున్న చోట ఉండదగదు. ఈ సూత్రం ఒంటబట్టిందంటే మా సీమ పర్యాటకం సగం అర్థమైనట్టే.

మదనపల్లెకు రైల్లో వస్తే, 'మదనపల్లె రోడ్' అనే స్టేషన్ ఊరికి పది కిలోమీటర్లు దాటి సీటీఎం అనే ఊళ్ళో ఉంటుంది. రోడ్డని పేరులోనే చెప్పేశారు, రైల్వేవాళ్ళ నిజాయతీని మెచ్చుకోవాలి. ఊళ్ళోకొచ్చాక సొసైటీ కాలనీ బాగుంటుందని ఒకరంటారు. బాగానే ఉంటుంది. రాత్రి ఎనిమిదికల్లా గేట్లన్నీ మూసేస్తారు, వీధి కుక్కలకు అప్పగించేస్తారు. ఆటో పలకదు. ఇంకొకాయన, అదంతా ఎందుకు, హార్సిలీ హిల్స్‌లో సర్కారు గెస్ట్‌హౌస్ ఉంది, అక్కడైతే సేఫంటాడు. జనం మధ్య ఉండమని చెప్పిన నోటితోనే నాలుగు వేల అడుగుల ఎత్తున కొండమీద ఉండమని చెప్పడం పెద్దవాళ్ళకే చెల్లింది.

రాత్రంతా లైట్లు, టీకొట్లు, మనుషుల అలికిడి కావాలంటే నీరుగట్టువారిపల్లె టమోటా మార్కెట్టు ఉంది. సీజన్లో లారీలకు నిద్ర ఉండదు. అక్కడ మాత్రం వద్దే వద్దు, అంతా మగవాళ్ళే అన్నారు. పొద్దున వెళ్ళి చూస్తే మండీల ముందు కాయలు ఏరుతూ, గ్రేడింగ్ చేస్తూ కూర్చున్నది ఆడకూలీలు. తెల్లారకముందే ఊళ్ళ నుంచి ఆటోల్లో దిగుతారు. నీతో ఎవరొచ్చారని వాళ్ళనెవరూ అడగరు. నెత్తిన గంప ఉన్న ఆడది ఒంటరి కాదు, చేతిలో సూట్‌కేసు ఉంటేనే ఒంటరి.

మదనపల్లెలో నేను దిగిన లాడ్జి పేరు చెప్పను, పేరు మారినా కౌంటరు మారదు. "ఎంతమంది మేడమ్?" అన్నాడు మేనేజరు. "ఒకరు" అన్నాను. "మీరు కాకుండానా?" అన్నాడు. "సార్ వెనకాల వస్తా ఉన్నారా?" లేదన్నాను. "ఏం పనిమీద వచ్చినారు?" ఊరు చూద్దామనన్నాను. పెన్ను ఆగిపోయింది. "చూసేదానికి ఏముంది మేడమ్ ఈడ?" రిజిస్టర్లో మగవారు, ఆడవారు, పిల్లలు అని మూడు గడులు. నా గడిలో ఒకటి వేశాడు. మగవారి గడి మీద పెన్ను కాసేపు గాల్లోనే తిరిగింది. చివరికి సున్నా వేసి, చూసేవాళ్ళకు అనుమానం రాకుండా దాని చుట్టూ ఇంకో సున్నా చుట్టాడు. మనిషి ఒక్కరే అయినా డబల్ రూము రేటే పడుతుందన్నాడు.

చూసేదానికి ఏమీ లేదన్న ఊళ్ళోనే 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ బీసెంట్ థియోసాఫికల్ (బీటీ) కాలేజీలో బసచేసి, జనగణమనను ఇంగ్లీషులోకి మార్చారు. దాని బాణీకి స్వరాలు రాసినావిడ మార్గరెట్ కజిన్స్, ఓటు హక్కు కోసం జైలుకెళ్ళొచ్చిన ఐరిష్ మహిళ. ఆమెకు రూము దొరికేదే, పక్కన భర్త ఉన్నాడు. ఆ కాలేజీకి పేరిచ్చిన అనీబిసెంట్ సంగతే కష్టం. మొగుణ్ణి వదిలేసి, 1893లో సముద్రాలు దాటి ఇండియాకు వచ్చిన మనిషి. ఇప్పుడొచ్చి కౌంటరు ముందు నిలబడితే, "లోకల్‌గా తెలిసినవాళ్ళతో ఒక ఫోన్ చేపీండి మేడమ్" అంటారు.

పుంగనూరు సంగతి వేరు. అక్కడి పొట్టి ఆవుకు లోకమంతా పేరు. మూడడుగులైనా ఉండదు, ధర లక్షల్లో పలుకుతుంది. ఈ జాతి ఆవులకు 2024 సంక్రాంతికి ఢిల్లీలో ప్రధాని తన నివాసంలో స్వయంగా మేత తినిపించారు. ఎద్దు తోడు రాలేదేమని ఎవరూ అడిగిన దాఖలా లేదు. పశువు చెవికి వేసే ట్యాగులో 12 అంకెలుంటాయి, నా ఆధార్‌లోనూ 12 అంకెలే. పరపతిలోనే తేడా. సుగుటూరు గంగమ్మ జాతరప్పుడు రమ్మన్నారు, ఊరంతా ఆడవాళ్ళే ఉంటారు, రాత్రయినా భయం లేదట. జాతర లేని రోజు అదే ఊళ్ళో చీకటిపడితే "ఎవురింటికి?" అని ఆరా. మొగుడి పేరు చెప్పకుండా ఊరేలే హక్కు ఆ తల్లి ఒక్కదానికే రాసిచ్చినట్టున్నారు.

కుప్పంలో మూడు రాష్ట్రాలు కలుస్తాయి. అందుకని ఒకే ప్రశ్న తెలుగులో, అరవంలో, కన్నడంలో ఎదురవుతుంది. 1997లో పెట్టిన ద్రావిడ విశ్వవిద్యాలయం అక్కడే ఉంది, తులనాత్మక పరిశోధన కోసం దూరం పోనక్కర్లేదు. మెడికల్ కాలేజీ దగ్గర మాత్రం రూము ఇట్టే దొరికింది. పేషెంటు తాలూకు మనిషిననుకున్నారు. అప్పుడు తెలిసింది అసలు కిటుకు. మన ఊళ్ళు ఒంటరి ఆడమనిషికి ఏరియాను బట్టి రూమివ్వవు, కారణాన్ని బట్టి ఇస్తాయి. జబ్బు, పరీక్ష, మొక్కుబడి చెల్లుతాయి. 'ఊరికే వచ్చాను' అన్నది చెల్లదు. మగవాడు ఊరికే వస్తే టూరిస్టు, ఆడది ఊరికే వస్తే కేసు.

రాజ్యాంగం 15వ అధికరణం రెండో క్లాజులో అంగళ్ళు, హోటళ్ళలోకి వెళ్ళేందుకు ఆడా మగా తేడా అడ్డురాకూడదని 1950 నుంచీ ఉంది. కౌంటరు వెనక గోడమీద దేవుడి పటం, క్యాలెండరు, 'లోకల్ ఆధార్ చెల్లదు' బోర్డు ఉన్నాయి. ఈ క్లాజుకు మాత్రం చోటు చాలలేదు.

పనికొచ్చే మాట అడిగితే ఒకటి చెబుతాను. ఏ వీధిలో రాత్రి తొమ్మిదింటికి కూడా ఓ అక్క బండి దగ్గర దోసె పోస్తూ ఉంటుందో, ఆ వీధి చివర దిగండి. రూములో టీవీ వస్తుందా అని కాదు, లోపలి గడియ పడుతుందా అని చూడండి. మంచి ఏరియా కోసం వెతక్కండి, అది మీరు పడుకోవడానికి కట్టింది కాదు.

2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణమిచ్చే స్త్రీ శక్తి పథకంలో ఆర్టీసీ బస్సెక్కితే లోకల్ ఆధార్ చెల్లుతుంది, లాడ్జిలో లోకల్ ఆధార్ అయితేనే చెల్లదు. కండక్టరు కార్డు చూసి "యాడికి?" అంటాడే తప్ప "ఎవురితో?" అనడు. ఆ కండక్టర్లను లాడ్జి కౌంటర్లలో కూర్చోబెడితే సగం పీడ విరగడవుతుంది. అందాకా లెక్క ఇంతే: బస్సు టికెట్టు మీది సున్నాకు సర్కారు కడుతుంది, మగవారి గడిలోని సున్నాకు మనమే కట్టుకోవాలి, అదీ డబల్ రూము రేటున.